కాగితం మీద కుడిచెయ్యి

నల్లబండపల్లె, కడప జిల్లా
సెప్టెంబర్ 14

చెల్లెలు ప్రతిమకు,

ఫోనులో మనం తిన్నావా, పడుకున్నావా అనే మాట్లాడుకుందాం. ఈ విషయం మాత్రం కాగితం మీదే. నేను మెల్లగా మాట్లాడలేనని నీకు తెలుసు, ఈ వీధిలో గోడలు పలచన. రాయచోటి గౌస్ మొహియుద్దీన్ సెలవు ముగించుకుని మళ్ళీ మీ దోహాకు డ్రైవరు పనికి పోతున్నాడు. ఈ ఉత్తరం అతని చేత పంపుతున్నాను. నువ్వు రాసేవి ఎవరో ఒకరి చేత రాయచోటిలో అతని భార్య రెహానాకు చేరిస్తే, ఆమె బస్సెక్కి వచ్చి నాకు ఇచ్చిపోతానంది.

మీ బావ పోయి ఏడాది దాటింది. ఓబులేసు బెయిలు మీద బయట తిరుగుతున్నాడు. భాగస్థుడి కొడుకని మన ఇంట్లో పెట్టిన అన్నం తిని పెరిగినవాడు. బండల గని లీజు తన ఒక్కడి పేరు మీదికి రాలేదని పట్టపగలు గని ఆఫీసు ముందర మీ బావను నరికాడు. కూలీలంతా చూశారు. ఒక్కొక్కరే పోయి "మాకేం కనపల్లేదు సార్" అని చెప్పి వచ్చేశారు. చూశానని చెప్పేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. వేసవి సెలవులకు ముందు జిల్లా కోర్టులో నా సాక్ష్యం ఉంటుందని ప్లీడరు చెప్పాడు. అంతవరకు నేను బతికి ఉండాలి. నాకున్న పని అంతే.

కాపలాకిచ్చిన గన్‌మన్‌ను పండగ బందోబస్తుకని తీసుకుపోయారు, మళ్ళీ పంపలేదు. అందుకని నేనే తుపాకి లైసెన్సుకు అర్జీ పెట్టాను. మీ బావ రివాల్వర్ స్టేషన్లో డిపాజిట్ అయి ఉంది. వారసురాలిగా అది నా పేరుకు మార్చుకోవచ్చు, లేదా దాన్ని అమ్మి నాకు తగినది కొనుక్కోవచ్చునట. ఏది తగినదో నాకేం తెలుసు? ఇక్కడ అడిగితే నవ్వుతారు. ఆ నవ్వినవాళ్ళలో ఒకడు పోయి ఓబులేసుకు చెప్తాడు. లైసెన్సుకు శిక్షణ సర్టిఫికెట్ కావాలి. ఆ శిక్షణకు పోయేనాటికే నాకు చేతకావాలి, తడబడకూడదు.

మీ దగ్గర డబ్బు కట్టి తుపాకి కాల్చే చోటొకటి ఉందని, మీ ఆయన అమర్ ఆఫీసువాళ్ళు పోయొచ్చారని ఒకసారి చెప్పావు. నా బదులు నువ్వు పోయి నేర్చుకో. నేర్చుకున్నది నాకు రాయి. మనిద్దరికీ గాజుల కొలత ఒకటే కాబట్టి నీ చేతికి తగింది నా చేతికీ తగుతుంది. అయినా కొలత చేతిలో లేనిదే నువ్వు గుడ్డ కత్తిరించవు. చెప్పుల కోసం పాదం గీసి గల్ఫుకు పంపినట్టే, నా కుడిచెయ్యి కాగితం మీద ఆనించి పెన్సిలుతో గీసి ఇందులో పెట్టాను. చిటికెన వేలి దగ్గర పెన్సిలు జారింది. అది నా వేలి వంకర కాదు.

దోహాకు రమ్మని మాత్రం మళ్ళీ రాయకు. ఊరు దాటితే సాక్షి పారిపోయిందంటారు.

అక్క,
కమల


అల్ హిలాల్, దోహా
అక్టోబర్ 5

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. కోడిని కోసేటప్పుడు పెరట్లోంచి లోపలికి పారిపోయేదానివి, నీకు తుపాకా అనుకున్నాను. నీ వల్ల కాదని చూపించడానికే ఒకసారి అక్కడికి పోయాను. పోయినదాన్ని ఇంకా పోతూనే ఉన్నాను. ఆయనకు చెప్పలేదు. శనివారాలు యోగా అనుకుంటున్నారు.

ఊరి ఉత్తరపు చివర, లుసైల్ వైపు ఉంది ఆ చోటు. కతార్ ఐడీ చూపించి డబ్బు కడితే కళ్ళద్దాలు, చెవులకు డిప్పలు ఇచ్చి లోపలికి పంపుతారు. నేర్పే అమ్మాయి పేరు నస్రీన్. హైదరాబాద్ మలక్‌పేట పిల్ల, పెళ్ళికి ముందు పోటీల్లో కాల్చేదట. నేను కాగితం తీసి బల్ల మీద పరిచాను.

"ఎవరిదమ్మా ఈ చెయ్యి?"

"మా అక్కది."

"చెప్పులకి కాళ్ళు గీసి పంపుతరు, నాకు తెలుసు. చెయ్యి పంపినోళ్ళను ఇప్పుడే చూస్తున్న. అక్క ఏం చేస్తది తుపాకితో?"

"ఇంట్లో పెట్టుకుంటుంది."

ఆ పిల్ల కాగితాన్ని నా వైపు తిప్పింది. కాగితం మీద నా చెయ్యి పెట్టించింది. వేలికి వేలు సరిపోయింది. నీ చూపుడు వేలే ఒక పిసరు పొడవు.

మొదట బావ దగ్గరున్న రకం రివాల్వరే అడిగాను. ఖాళీది చేతికిచ్చింది. ఇది నీకు తగదక్కా. ఎందుకో రాస్తాను. వేలి కొస మెత్తగా ఉండే చోటు ట్రిగ్గర్ మధ్యన కూర్చోవాలి. రివాల్వర్ పిడి మన అరచేతికి లావు. మన వేలు ట్రిగ్గర్‌ను తాకుతుంది, అంతే. దాన్ని చివరిదాకా లాగాలంటే చెయ్యంతా బిగుసుకుని తుపాకి మూతి పక్కకు తిరుగుతుంది. బావది పెద్ద చెయ్యి. ఆయన కొన్నది ఆయన చేతికి.

తర్వాత చిన్న పిస్టల్ ఇచ్చింది. నేను పట్టుకున్నది చూసి ఆ పిల్ల నవ్వింది. "అమ్మా, అది పప్పు గరిటె కాదు. కిందకి పట్టకండి. పైకి, ఇంకా పైకి. బొటనవేలు చూపుడువేలు నడుమ సందు దాని వీపుకి అతుక్కోవాలె."

కళ్ళు మూసుకోవద్దంది. మూసుకోలేదనే చెప్పాను. మొదటి గుండు ఎక్కడ తగిలిందో మా ఇద్దరికీ తెలియలేదు.

బావ రివాల్వర్ మార్పించుకోకు, ఆగు. ఏది కొనాలో తేల్చి చెప్తాను.

ప్రతిమ


నల్లబండపల్లె
నవంబర్ 2

ప్రతిమకు,

రెహానా వచ్చి ఉత్తరం ఇచ్చింది. రెండుసార్లు చదివాను. మీ బావ పోయాక నవ్వు వచ్చింది నీ పప్పు గరిటె దగ్గరే.

నువ్వు రాసినట్టు పైకి పట్టుకోవడం అలవాటు చేస్తున్నాను. తుపాకి లేదు కాబట్టి ఇస్త్రీపెట్టెతో. పక్కింటి సుర్రయ్యా, అదే, జాకెట్లు కుట్టే సుర్రయ్యా, కిటికీలోంచి చూసి "ఏందక్కా, ఇస్త్రీపెట్టెతో గోడకు ఇస్త్రీ చేస్తాండావా" అని అడిగింది. చెయ్యి నొప్పికి డాక్టరు చెప్పాడన్నాను. నమ్మలేదు. కానీ ఎవరికీ చెప్పదు. ఆమె మొగుడు కూడా ఆ గనిలో బండ మీద పడే పోయాడు.

నా వేలు ఒక పిసరు పొడవన్నావు. అమ్మ అనేది గుర్తుందా, "పెద్దదానికి వేలెత్తి చూపే గుణం, అందుకే పెరిగింది" అని. కోర్టులో ఎత్తి చూపడానికి అదే పనికొస్తుంది.

పోయిన వారం ఓబులేసు బండి మా ఇంటి ముందు ఆగింది. దిగలేదు. ఇంజను ఆపలేదు. నేను వాకిట్లోనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ ఉన్నాను. లేవలేదు. లేచి లోపలికి పోతే ఇక ప్రతిరోజూ లోపలికి పోవాల్సి వస్తుంది.

అర్జీ ఇంకా కదలలేదు. నువ్వు తొందరగా తేల్చు.

కమల


అల్ హిలాల్, దోహా
నవంబర్ 30

అక్కకు,

తేల్చాను. ముప్పై రెండు బోరు పిస్టల్ తీసుకో. ఇక్కడ వాడే తొమ్మిది ఎం.ఎం. రకం మన దేశంలో మామూలు జనానికి ఇవ్వరని నస్రీన్ చెప్పింది. ఈ ముప్పై రెండు వెనక్కి తన్నడం తక్కువ. పిడి సన్నగా ఉన్నది చూసి అడుగు. కొట్లో ఖాళీది చేతిలోకి తీసుకుని వేలి కొస ట్రిగ్గర్ మధ్యన కూర్చుంటోందో లేదో చూడు. మణికట్టు తిప్పకుండా కూర్చోవాలి. ఆ తర్వాత పై భాగాన్ని, దాన్ని స్లైడ్ అంటారు, ఎడమచేత్తో గట్టిగా వెనక్కి లాగు. లాగలేకపోతే ఆ పిస్టల్ వద్దు. ఎడమచేత్తో లాగడం కాదు అసలు కిటుకు. ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో పిడిని ముందుకు తొయ్యాలి. రెండు చేతులూ పనిచేస్తే బలం అక్కర్లేదు. గట్టి పచ్చడి జాడీ మూత తీసినట్టే.

నా గుండ్లన్నీ కిందకు తగులుతున్నాయి. నస్రీన్ ఒక పని చేసింది. నాకు కనపడకుండా అసలు తూటాల మధ్య ఉత్తుత్తి తూటాలు కలిపి నింపింది. ఉత్తుత్తిది వచ్చినప్పుడు చప్పుడు లేదు, కానీ నా చేతిలో పిస్టల్ దానంతట అదే కిందకు వంగింది. "చూసిన్రా? తుపాకి తన్నకముందే మీరు భయపడుతున్నరు. గురి తప్పేది తన్నినందుకు కాదు, తంతదని ఎదురు చూసినందుకు" అంది. ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. నువ్వు చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చోవడం గుర్తొచ్చింది. ఈ ఒక్కటీ నేను నీకు నేర్పనక్కర్లేదు.

ఆయనకు తెలిసిపోయింది. నా చొక్కాకు తుపాకి మందు వాసన వచ్చిందట. "నీకేమైనా అయితే రెసిడెన్సీ వీసా పోతుంది, నా ఉద్యోగం పోతుంది" అన్నారు. అక్క కోసమని చెప్పాను. అన్నం కలుపుకుంటూ, "పోనీ, వాళ్ళు పెట్టిన కళ్ళద్దాలు తీయకు" అన్నారు. అంతే.

ఒక పరీక్ష చేసి రాయి. రెండు చేతులూ ముందుకు చాచి వేళ్ళ మధ్య చిన్న సందు చెయ్యి. ఆ సందులోంచి గోడ మీది క్యాలెండరులో ఒక తేదీ చూడు. ఒక్కో కన్నూ మూసి చూడు. ఏ కన్ను తెరిచి ఉంటే తేదీ సందులోనే ఉంటుందో అది నీ గురి కన్ను. నాది కుడి.

ప్రతిమ


నల్లబండపల్లె
జనవరి 6

ప్రతిమమ్మకు,

మీ అక్క చెప్తుంటే నేను సుర్రయ్యా రాస్తున్నాను. అక్క కళ్ళజోడు పగిలింది, కొత్తది చేసి ఇచ్చేదానికి ఆలస్యమవుతోంది. నా రాత బాగుండదు, మన్నించాలి.

అక్క చెప్పేది: క్షేమంగా ఉన్నాను. నువ్వు చెప్పిన పరీక్ష చేసుకున్నాను. నాది ఎడమ కన్ను. కాబట్టి ఎడమచేత్తో కాల్చాలేమో. ఎడమచేత్తో ఎట్లా పట్టుకోవాలి, ఎట్లా నిలబడాలి, అన్నీ మొదటి నుంచి నేర్చుకుని రాయి. ఒక్క చేత్తోనే కాల్చేది కూడా కనుక్కో.

సంక్రాంతి లోపల డాక్టరు సర్టిఫికెట్‌కు పిలుస్తారట. ఫోను మోగినప్పుడు తీయకపోతే కంగారు పడొద్దు, చార్జింగ్ నిలవడం లేదు.

అక్క తరఫున,
సుర్రయ్యా


అల్ హిలాల్, దోహా
జనవరి 25

అక్కకు,

నీ కన్ను ఎడమదని చదివి నస్రీన్ దగ్గర తల పట్టుకున్నాను. ఇన్ని వారాలు ఒక చేతికి నేర్పింది రెండో చేతికి ఏమీ తెలియదు. ఎడమచేత్తో పిస్టల్ పట్టుకుంటే వేరెవరి చేతినో అరువు తెచ్చుకున్నట్టుంది. వాడేసిన గుండు గొట్టం కుడివైపు ఎగిరి, కుడిచేతి మీద పడి కాలింది. కుడికాలు ముందుకు, ఎడమకాలు వెనక్కు పెట్టాలి. ఒంటిచేత్తో అయితే ఎడమకాలే ముందుకు. రెండో చేతిని ఊరికే వేలాడనివ్వక పిడికిలి పట్టి గుండెకు ఆనించుకోవాలి.

కానీ నస్రీన్ ఇంకోమాట కూడా చెప్పింది. "ఎడమ కన్నైతే ఏమైతది? కుడిచేత్తోనే కాల్చొచ్చు. తల ఇంత తిప్పితే చాలు. మస్తు మంది అట్లనే కాలుస్తరు. అక్కను చెయ్యి మార్చుకోమనకండి, ఊకె కష్టం." కాబట్టి కుడిచేత్తోనే నేర్చుకో. నీ బలం ఆ చేతిలో ఉంది.

అయినా ఒక్క చేత్తో ఎందుకు అడిగావు? నువ్వు చెప్పినట్టు నేర్చుకుంటున్నాను, అడగడం మాత్రం నా అలవాటు.

కళ్ళజోడు పవరు చీటీ పంపించు, ఇక్కడ చేయించి గౌస్‌కు ఇస్తాను.

ప్రతిమ


నల్లబండపల్లె
ఫిబ్రవరి 10

ప్రతిమమ్మకు,

అక్క చెప్పేది: ఎడమచెయ్యే. ఇంక అడగొద్దు. కళ్ళజోడు వద్దు.

సుర్రయ్యా


అల్ హిలాల్, దోహా
ఫిబ్రవరి 24

అక్కా,

సూపర్‌మార్కెట్ బయట గౌస్ కారు ఆపి సుర్రయ్యా రాసిన చీటీ ఇచ్చాడు. ఇచ్చి పోలేదు. అతని కఫీల్, అంటే యజమాని, పిల్లలు వెనక సీట్లో ఐస్‌క్రీం తింటున్నారు. "అమ్మా, రెహానా ఒక మాట చెప్పింది. చెప్పాలనో వద్దనో తెలవకుండా నెల నుంచి తిరుగుతాండా" అన్నాడు.

"చెప్పు గౌస్."

"పెద్దమ్మ చెయ్యి..." అని తన కుడిచెయ్యి ఎత్తి మూడు వేళ్ళు మడిచాడు. చూపుడు, మధ్య, ఉంగరం. మడిచి అట్లాగే ఉంచాడు. వెనకనుంచి పిల్లలు "యల్లా, యల్లా" అని పోదాం పదమని తొందరపెడుతున్నారు.

డిసెంబర్లో పాలు పోయించుకోవడానికి వాకిట్లోకి వచ్చావట. బైకు మీద ఇద్దరు. మెడకు వచ్చిన కొడవలికి చెయ్యి అడ్డం పెట్టావట. ఇదంతా నాకు కారు కిటికీలోంచి తెలియాలా?

ఇంటికి వచ్చి ఈయన్ని అడిగాను. ఈయనకు తెలుసు. నెట్‌లో మన పేపరు జిల్లా పేజీలో చదివి నీకు ఫోను చేశారట. నాకు చెప్పనని నువ్వు ఒట్టు వేయించుకున్నావట. ఈ ఇంట్లో రెండు నెలలుగా పేపరు ఎందుకు తెరవడం లేదో నాకు ఇప్పుడు తెలిసింది. నాకు ఆయన మీద కోపం రాలేదు. నీ మీదా రాలేదు. ఆ కాగితం మీద వచ్చింది. సంచిలోంచి తీసి దాని మీద చెయ్యి పెట్టాను. అన్ని వేళ్ళూ ఉన్నాయి. నేను ఇన్నాళ్ళూ ఆ చెయ్యే ఉత్తరాలు అందుకుంటోందనుకున్నాను.

సరే. ఏడుపు అయింది. ఇప్పుడు వినాల్సింది విను.

నేను చెప్పిన పిస్టల్ కొనకు. దాని స్లైడ్ లాగడానికి రెండు చేతులు కావాలి. మొండి చెయ్యి పట్టు నిలపదు. నిన్న నస్రీన్‌కు అంతా చెప్పాను. ఆ పిల్ల చెవి డిప్పలు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత లోపలికి పోయి, నేను మొదటిరోజు వద్దన్న రివాల్వరే తెచ్చింది. దానికి స్లైడ్ లేదు. తూటాలు నింపి పెడితే అవే వరసగా వస్తాయి. ఒక్క చెయ్యి చాలు. ట్రిగ్గర్ బరువని నేను రాసింది నిజమే. కానీ వెనకున్న గుర్రాన్ని, అంటే సుత్తిలాంటి మీటను, బొటనవేలితో ముందే వెనక్కి వంచి పెడితే ట్రిగ్గర్ తేలికవుతుంది. ఎడమ బొటనవేలితో అది వంచడం ఒక్క పూటలో వచ్చింది నాకు. నీకూ వస్తుంది. పిడి లావే. దానికి సన్నపు పిడి చెక్కలు మార్పించుకోవచ్చునట, ఏ తుపాకుల కొట్టువాడైనా చేస్తాడు.

కాబట్టి బావదే నీకు తగినది. ఆ రివాల్వర్‌నే నీ పేరుకు మార్పించుకో. అంత తిరిగి తిరిగి మొదట వద్దన్నదాని దగ్గరికే వచ్చాం.

నీ దగ్గరికి రావడానికి టికెట్ చూస్తున్నాను. వద్దంటావు. అయినా చూస్తున్నాను.

ప్రతిమ


నల్లబండపల్లె
ఏప్రిల్ 19

ప్రతిమకు,

ఇది నా రాతే. ఎడమచేతి రాత. ఒకటో తరగతి పిల్లలది లాగా ఉంది కదా. రోజుకు కొంచెం రాస్తూ వారమైంది.

టికెట్ కొనవద్దని ఫోనులో అరిచినందుకు కోపం పెట్టుకోకు. నువ్వు వస్తే వాళ్ళకు ఇంకో మెడ దొరుకుతుంది, అందుకే.

డాక్టరు పిలిచాడు. నా కుడిచేతిని బల్ల మీద పెట్టించి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమ్మా, దీంతో కాలుస్తావా?"

"దీంతో కాదు సార్. ఎడంచేత్తో."

"ఎడంచేత్తో నీకేం వచ్చు?"

వస్తుందని చెప్పాలని తొందరపడి నోరు జారాను. "మా చెల్లెలు దోహాలో నేర్చుకుని నాకు రాసి పంపిస్తాంది సార్. గుర్రం వంచేది కూడా చెప్పింది" అన్నాను. ఆయన నవ్వలేదు, అది మాత్రం చెప్పుకోవాలి. "అమ్మా, నీ ధైర్యానికి నేను సంతకం పెట్టగలను. నీ చేతికి పెట్టలేను" అని పనికిరాదని రాసేశాడు. ఆ గదిలో డాక్టరు, అటెండరు, నన్ను తీసుకుపోయిన కానిస్టేబులు, ఈ ముగ్గురే ఉన్నారు.

అర్జీ కొట్టేశారు. మీ బావ రివాల్వర్ స్టేషన్లోనే ఉండిపోయింది. కొట్టేసిన కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఒకసారి చూపించారు. తుప్పు పట్టింది. గుర్రం మీద బొటనవేలు పెట్టి చూస్తానన్నాను. ముట్టుకోవద్దన్నారు.

పదో తేదీన కోర్టు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను, సుర్రయ్యా పక్కన ఉంది. ఓబులేసు వచ్చి నా ముందు వంగి, కాళ్ళకు దండం పెట్టబోయినట్టు వంగి, మెల్లగా అడిగాడు.

"పెద్దమ్మా, బాగుండావా?"

నేను సుర్రయ్యా వైపు జరిగాను.

"ఎడంచేత్తో గురి కుదిరిందా? దోహా చిన్నమ్మ బాగా నేర్పిస్తాందంటనే."

సుర్రయ్యా "పోరా" అంది. వాడు నవ్వుతూ పోయి వాళ్ళ ప్లీడరు పక్కన నిలబడ్డాడు.

నాకు భయం వేసింది ఆ మాటకు కాదు ప్రతిమా. మనం ఇన్ని నెలలు ఫోను మానేసి, రాయచోటి నుంచి రెహానాను తిప్పి, యోగా అని చెప్పి, ఇస్త్రీపెట్టె పట్టుకుని దాచుకున్నది వాడికి ఒక కబురు. టీ కొట్టు దగ్గర చెప్పుకునే కబురు. నా దగ్గర తుపాకి ఉన్నా, అది ఏ అరలో పెట్టానో కూడా వాడికి ముందే తెలిసి ఉండేది.

బోను ఎక్కించారు. ప్రభుత్వ ప్లీడరు అడిగాడు, "మీ భర్తను నరికినవాడు ఈ కోర్టులో ఉన్నాడా?" అని. వాడు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పెద్దల ముందు నిలబడినట్టు. రెండు చేతులూ కనపడుతున్నాయి. అన్ని వేళ్ళూ ఉన్నాయి. చూపించడానికి నేను చెయ్యి ఎత్తాను. అలవాటు కొద్దీ కుడిచెయ్యి లేచింది. ఎత్తాక చూసుకున్నాను, చూపించడానికి దానికి వేలు లేదు. జడ్జిగారు కూడా అదే చూస్తున్నారు. కోర్టు అంతా అదే చూస్తోంది. చెయ్యి దించేశాను.

"లేడు సార్" అన్నాను.

మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే చెప్పాను. మా ప్లీడరు కాగితాలు సర్దుకున్నాడు.

నువ్వు రాశావు చూడు, తన్నకముందే వంగిపోవడం. నాకు అది నేర్పనక్కర్లేదన్నావు. నేర్పాల్సింది అదొక్కటే.

తుపాకి చేతికొచ్చి ఉంటే వాణ్ణి చూపించేదాన్నా? చూపించేదాన్నేమో. చూపించి ఇంటికొచ్చి, దిండు కింద పెట్టుకుని, ఎన్నాళ్ళని మేలుకుంటాను? ఈ ప్రశ్న నువ్వు ఒక్కసారి కూడా రాయలేదు. నేనూ రాయలేదు. ఇద్దరికీ తెలిసే రాయలేదు.

ఇప్పుడు బాగానే ఉంది. బండి మా ఇంటి ముందు ఆగడం లేదు. మొన్న గని నుంచి ఒక బస్తా బియ్యం పంపాడు. సుర్రయ్యా తీసుకుపోయి వీధిలో కుక్కలున్న చోట పోసి వచ్చింది. కుక్కలు బియ్యం తినవు కదా, అట్లాగే పడి ఉన్నాయి.

నేర్చుకోవడం మానెయ్. నా పని అయిపోయింది.

కమల


అల్ హిలాల్, దోహా
మే 8

అక్కకు,

నీ ఉత్తరం చదివి పది రోజులు ఏమీ రాయలేకపోయాను. తప్పు చేశావని రాయడానికి నాకు నోరు లేదు. మంచి పని చేశావనీ రాయలేను. ఆ ప్రశ్న మాత్రం నిజం. నాకు తెలిసే రాయలేదు. ఏ తుపాకి తగుతుందని చూసినంతసేపు, తుపాకి వల్ల ఏం కాదో చూడనక్కర్లేదు కదా అని.

నిన్న చివరిసారి పోయాను. చెప్పకుండా మానేస్తే నస్రీన్ ఏమనుకుంటుందోనని. రివాల్వర్ ఇచ్చింది. ఎడమచేత్తో గుర్రం వంచి కాల్చాను. అన్నీ నల్లటి వలయం లోపలే పడ్డాయి, ఒక్కటీ కిందకు పోలేదు. నస్రీన్ గురి అట్ట తీసి నా చేతిలో పెట్టి, "అమ్మా, ఇయ్యాల మీ చెయ్యి వంగలే. చూడండి. అక్కకు పంపండి, సంతోషపడ్తది" అంది. పంపుతానన్నాను. ఆ పిల్లకు కోర్టు సంగతి చెప్పలేదు. అట్ట పంపడం లేదు. బయట చెత్తబుట్టలో వేసి వచ్చాను.

అక్కడి నుంచి తిన్నగా ఇంటికి రాలేకపోయాను. ఎండ మండిపోతోంది. ఒక పెద్ద దుకాణంలోకి పోయి ఊరికే తిరిగాను. కుట్టుసామాను దగ్గర కత్తెర్లు ఉన్నాయి. ఒకటి తీసి పట్టుకుంటే తేడాగా ఉంది. ఎడమచేతివాళ్ళకని వేరే చేస్తారట, బ్లేడ్లు తిరగేసి. నాకు తెలియదు. ఎడమచేత్తో పట్టి వేళ్ళు కదిలించాను. బొటనవేలు కూర్చోవాల్సిన చోట కూర్చుంది. కూరగాయల చెక్కు తీసేది కూడా ఎడమచేతిది ఉంది. చిక్కుడుకాయల ఈనెలకు పనికొస్తుందో లేదో చూడు. రెండూ గౌస్ చేత పంపుతున్నాను. ఈ నెలాఖరుకు సెలవు మీద వస్తున్నాడు, ఈసారి రెహానా తిరగనక్కర్లేదు, తనే తెచ్చి ఇస్తాడు.

నీ పాత కాగితం నా దగ్గరే ఉంది. బీరువాలో చీరల కింద పెట్టాను. పెన్సిలు గీత చెరిగిపోతోంది, చిటికెన వేలి దగ్గర జారిన గీత మాత్రం గట్టిగా ఉంది.

ఇంకో కాగితం పంపించు. రెండు చేతులూ గీసి పంపు. దేనికని అడక్కు, నాకే తెలియదు. కొలత లేకుండా నాకు ఏ పనీ తోచదు. ఎడమది సుర్రయ్యా చేత గీయించు. కుడిది నువ్వే ఎడమచేత్తో గియ్యి. ఉన్నంతవరకే గియ్యి.

ప్రతిమ